పంకా పాటలో నాలుగు గుంటలు

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. తర్వాత సర్కారు నన్ను పిలిచి నాలుగో తరగతిలో వేసుకుంది. దవాఖానలో వార్డు అటెండర్లను నాలుగో తరగతి ఉద్యోగులంటారు. చదువు మానితే ముందుకు పోలేవని మా సారు చెప్పాడు గానీ, మూడు తరగతులు వెనక్కి పోతావని చెప్పలేదు. ముందే తెలిస్తే పదోదాకా చదివి, ఏడో తరగతి ఉద్యోగంలో చేరి ఉండేవాణ్ణి.

2015 ఆగస్టులో నన్ను కాన్పుల వార్డు నుంచి వ్యసన విముక్తి వార్డుకు మార్చారు. తాగుడు, మత్తు గోలీలు, కల్తీ కల్లు అలవాటైనవాళ్లను మాన్పించే వార్డది. నల్లగొండ జిల్లాలోని ఒక సర్కారు దవాఖాన అని మాత్రం చెబుతాను, పేరు రాయను. ఇందులో తప్పు చేసినవాళ్లలో నేనే మొదటివాణ్ణి, నా మూలంగా దవాఖానకు మచ్చ ఎందుకు? జిల్లా అప్పటికింకా ముక్కలు కాలేదు. మా మోత్కూరూ, ఈ కథలోని పోచంపల్లీ రెండూ నల్లగొండలోనే ఉండేవి.

రెండు వార్డులకూ తేడా నాకు మొదటిరోజే అర్థమైంది. కాన్పుల వార్డులో బిడ్డ ఏడిస్తే తల్లి నవ్వుతుంది. ఇక్కడ బిడ్డకు ముప్పై ఏళ్లుంటాయి, ఏడ్చేది తల్లి.

వార్డులో పన్నెండు మంచాలు. పైన డాక్టరు, ఆయన కింద హెడ్ సిస్టరు, ఆమె కింద నర్సులు, అందరి కింద మేము. అటెండరు పని మంచం సర్దడం, స్ట్రెచర్ తోయడం అనుకుంటారు గానీ, ఈ వార్డులో అసలు పని వేరు. ఒకటి తనిఖీ. చూడవచ్చినవాళ్లు తెచ్చిన టిఫిన్ గిన్నెలో గరిటె పెట్టి అడుగుదాకా కలపాలి. పప్పులో గోలీలు, మజ్జిగ సీసాలో సారా దొరికిన రోజులున్నాయి. రెండోది కనిపెట్టి చూడడం. పేషంటు తిన్నాడా, చేతులు వణుకుతున్నాయా, ఎవరితో ఏం మాట్లాడాడు అన్నది డ్యూటీ బుక్కులో రాయాలి. నర్సులు ఇంగ్లీషులో రాసేవాళ్లు. నాకు వచ్చింది తెలుగే కాబట్టి తెలుగులోనే రాసేవాణ్ణి. నా పేరు యాదయ్య. యాదిలో పెట్టుకోవడం పేరుతోనే వచ్చింది గనుక బుక్కు నాకప్పగించారని నర్సులతో అనేవాణ్ణి. మిగతావాళ్ల రాత వాళ్లకే అర్థం కాదు గనుక అని వాళ్లు సరిదిద్దేవాళ్లు.

ఒక మంగళవారం పొద్దున భాస్కర్ వచ్చాడు. ఇరవై ఏడేళ్లు, పోచంపల్లి నేతవాళ్ల ఇంటి పిల్లగాడు. హైదరాబాదులో నాచ్ గానా జరిగే పబ్బుల్లో సౌండ్ మిషన్లు చూసే పని చేసేవాడు. ఖాళీ దొరికితే ఇద్దరు దోస్తులతో కలిసి సొంత పాటలు పాడేవాడట. పని మొదలుపెట్టే ముందు తాగుడు, నిలబడడానికి ఒక గోలీ, పడుకోవడానికి ఇంకో గోలీ. ఆరేళ్లు అట్లా గడిచాక, సంచి భుజానికి తగిలించుకుని తనే బస్సెక్కి మా దగ్గరికి వచ్చాడు.

ఇది చిన్న సంగతి కాదు. మా వార్డుకు వచ్చేవాళ్లలో చాలామందిని అన్నదమ్ములు రెండు రెక్కలు పట్టుకుని తెస్తారు. అట్లా వచ్చినవాళ్లు గేటు ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తుంటారు. తన కాళ్లతో వచ్చినవాడు బాగుపడే అవకాశం ఎక్కువని మా డాక్టరు అనేవారు. అట్లాంటివాడి నమ్మకం ఒకసారి పోయిందంటే మళ్లీ రాడని కూడా అనేవారు. భాస్కర్ చేరేటప్పుడు ఒక్కటే మాట అడిగాడు. తనను ఇక్కడే ఉంచాలి, హైదరాబాదు పట్నంలోని పెద్ద పిచ్చి దవాఖానకు పంపొద్దు, పంపితే అటునుంచి అటే పోతానన్నాడు. అట్లాగేనని డాక్టరు ఒప్పుకున్నారు.

అలవాటు మానినవాళ్లకు మూడోరోజు గండం. ఒళ్లంతా చెమటలు, చేతుల వణుకు, లేనివి కనబడడం. గురువారం భాస్కర్ వెల్లకిలా పడుకుని, పైకి చూస్తూ, స్టీలు ప్లేటు మీద వేళ్లతో కొడుతూ ఏదో గొణుగుతున్నాడు. దుప్పటి కింద కాళ్లు కూడా ఆడుతున్నాయి. ఏం పాడుతున్నవని అడిగాను.

"పంక్ పాట కాకా," అన్నాడు.

నేను తలెత్తి చూశాను. సరిగ్గా అతని మంచం మీదే పంకా తిరుగుతోంది. బుక్కు తెరిచి, గుండ్రటి అక్షరాలతో ఇట్లా రాశాను: "ఆరో నంబర్. కాళ్లు వణుకుతున్నవి. పంకా వైపు చూస్తూ పంకా పాట పాడుచున్నాడు."

మామూలు ఇంట్లో పంకా అంటే గాలి. మా వార్డులో ఆ మాటకు ఇంకో అర్థముంది, అది విడమరిచి చెప్పనక్కర్లేదు. అందుకే పేషంట్ల బెల్టులు, బూటు తాళ్లు, లుంగీలు కూడా మేము తీసి పెడతాం. హెడ్ సిస్టరు రాహేలమ్మ నా రాత చదివిన పది నిమిషాల్లో ఎలక్ట్రీషియన్ నిచ్చెనతో వచ్చాడు. వార్డులో ఉన్న మూడు పంకాలూ దించారు. ఆరో నంబర్ మంచాన్ని సిస్టరు బల్ల ఎదురుగా లాగారు. కేసు షీటు మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టారు. ఆ గుర్తుకు అర్థం, ఇతన్ని క్షణం కూడా ఒంటరిగా వదలొద్దని. మిగతా పదకొండు మంది అట్ట ముక్కలతో విసురుకుంటూ నన్ను చూసి పళ్లు కొరికారు.

శుక్రవారం డాక్టరు వచ్చి భాస్కర్ పక్కన కూర్చున్నారు. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి. రాష్ట్రం విడిపోయాక ఉద్యోగుల పంపకం తేలక ఇంకా మాతోనే ఉన్నారు. చావాలనిపిస్తోందా అని నెమ్మదిగా అడిగారు. ఎవరు చావరు సార్ అన్నాడు భాస్కర్. ఆ జవాబుతో ఎర్ర గుర్తు పక్కన రెండో ఎర్ర గుర్తు పడింది. అంత ప్రమాదమున్న పేషంటును చూసుకునే ఏర్పాటు మా చిన్న వార్డులో లేదు, పట్నం పంపాలన్నది రూలు. డాక్టరు మాటిచ్చి ఉన్నారు కాబట్టి వెంటనే తేల్చలేదు. సోమవారం రౌండ్స్‌లో చూద్దామన్నారు. ఉత్తరం మాత్రం టైపు చేసి ఉంచమన్నారు.

అదే సాయంత్రం భాస్కర్ పెన్ను అడిగి, మందుల డబ్బా అట్ట చించి దాని వెనక ఆ పాట రాశాడు. రాసినదేదైనా సిస్టరుకు చూపించాలి, అదీ రూలే. శనివారం పదకొండింటికి టీ వచ్చినప్పుడు ఆ అట్టను సిస్టరు బల్ల మీద పెట్టుకుని డాక్టరు, సిస్టరు, నేను చుట్టూ చేరాం. నిజానికి నేను టీ పోయడానికి వెళ్లాను. పోసినా కదలలేదు.

అట్ట మీద ఇట్లా ఉంది:

పంక్ పాట

పట్నంల రాత్రికి తలుపు లేదు
లోపటికి పోతె బయట లేదు
నీలి బుగ్గ, ఎర్ర బుగ్గ
నడుమ నా మొఖం ఏదిరా
గోలీ ఏస్తె లేస్త, గోలీ దిగితె సస్త
పొద్దు పొడిస్తె నాకేంది, పొడవకుంటె నాకేంది
ఊర్ల నా గుంట నా కోసం సూస్తాంది
సూస్తాంది, సూస్తాంది, సూస్తాంది

డాక్టరు పైమాట చదివి నా వైపు చూశారు.

"ఏటయ్యా యాదయ్యా, పంక్ అంటే నీకు పంకా అనిపించిందా?"

పంక్ అంటే ఇంగ్లీషు పాటల్లో ఒక రకమట, ఆయన చదువుకునే రోజుల్లో హాస్టల్లో వినేవారట. రాగం తక్కువ, కేక ఎక్కువ, కోపంగా మొదలై మూడు నిమిషాల్లో అయిపోతాయని చెప్పారు. మా ఇంట్లో రోజూ జరిగేదానికి అంత పేరుందని నాకు తెలియదన్నాను. ఆయన నవ్వారు గానీ రాహేలమ్మ నవ్వలేదు. పంకా పోతే పోయింది, మిగతా పాట ఉంది కదా, అది చూడండి అన్నది.

అట్లా ఆ అట్ట ముక్కకు మేం ముగ్గురం అర్థం చెప్పడం మొదలుపెట్టాం. నా ఉద్యోగంలో అంత కుతూహలంగా చదివిన కాగితం ఇంకొకటి లేదు, ట్రాన్స్‌ఫర్ ఆర్డరుతో సహా.

మొదటి రెండు లైన్ల దగ్గర తగాదా రాలేదు. తాగుడు ఇల్లులాంటిదనీ, లోపలికి వచ్చినప్పుడున్న తలుపు బయటికి పోయేటప్పుడు కనిపించదనీ మా పేషంట్లు వేరు వేరు మాటల్లో రోజూ చెప్పేదే. మూడో లైను దగ్గర డాక్టరు ఆగారు. ఎర్ర బుగ్గ అంటే సిగ్గుపడ్డ అమ్మాయి, నీలి బుగ్గ అంటే దెబ్బ తిన్న అమ్మాయి, ఇది ప్రేమ వ్యవహారమని తేల్చారు. నేను కలగజేసుకోక తప్పలేదు. బుగ్గ అంటే మా దగ్గర కరెంటు బల్బు సార్ అన్నాను. పబ్బుల్లో రంగు రంగుల బుగ్గలు తిరుగుతుంటాయి, వాటి నడుమ అద్దంలో చూసుకుంటే తన మొహం ఏ రంగో తనకే తెలియడం లేదని దాని అర్థం. డాక్టరు ఇంకోసారి చదివి, ఈ ముక్క ఒక పుస్తకమంత చెబుతోందయ్యా అన్నారు. ఏడో తరగతివాడికి ఆ మెప్పు చాలదా? నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యమే తర్వాత ఎదురు తన్నింది.

పొద్దు పొడిచే లైనును సిస్టరు వేలు పెట్టి చూపించింది. తెల్లవారడం మీద ఆశ లేని మనిషిని ఇరవై ఏళ్లుగా చూస్తున్నానన్నది. రాత్రిళ్లు పని చేసేవాడికి తెల్లవారితే నిద్ర, అంతకంటే ఏముండదన్నాను. ఇద్దరం చెప్పిందీ నిజం కావచ్చని డాక్టరు తీర్పిచ్చారు.

అసలు గొడవ గుంట దగ్గర వచ్చింది.

డాక్టరు మళ్లీ అమ్మాయి దగ్గరికే వచ్చారు. వాళ్ల వైపు గుంట అంటే ఆడపిల్ల. ఊళ్లో నా గుంట నా కోసం చూస్తోంది, ఇంతకంటే స్పష్టంగా ఎవరు రాస్తారని అడిగారు. రాహేలమ్మ తల అడ్డంగా ఊపింది. గోలీ దిగితే చస్తానన్నవాడికి ఊళ్లో ఎదురుచూసే గుంట ఏదై ఉంటుందో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుందన్నది. సమాధుల దొడ్డిలో తవ్వేది గుంట కాక మరేమిటని అడిగింది.

నేను ఇద్దరినీ ఆగమన్నాను. మా వాళ్లు మూడు తరాలు మోత్కూరు దొరల పొలాల్లో పని చేసినవాళ్లు. సొంత భూమి లేని ఇంట్లో పుట్టినవాడికి గుంట అనగానే కనబడేది ఒక్కటే, ఎకరంలో నలభయ్యో వంతు. మా నాయిన చచ్చేదాకా రెండు గుంటల జాగా కోసమే కలలు కన్నాడు. ఊళ్లో భాస్కర్‌కు బీడు పడ్డ గుంటో రెండు గుంటలో ఉండి ఉంటుంది, దాన్ని దున్నుకుని బతకాలని ఆశ, ఇది చచ్చేవాడి పాట కాదు సార్ అన్నాను.

డాక్టరు టీ కప్పు పక్కకు జరిపారు. అమ్మాయి అయినా భూమి అయినా పిల్లవాణ్ణి ఇక్కడే ఉంచవచ్చు, సిస్టరు చెప్పింది నిజమైతే ఉంచకూడదు, పొరపాటు పడే హక్కు మనకు ఒక వైపే ఉంది అన్నారు. ఉత్తరం మీద సోమవారం సంతకం చేస్తానన్నారు. రాహేలమ్మ జాగ్రత్తలో తప్పు లేదు. నా పంకా రాతతో మొదలైన సంగతి పట్నం దాకా పోతోందన్నదే నా బాధ. నా చేతిరాత బాగుంటుందని మొదటిసారి విచారించాను.

ఆదివారం చూడడానికి వచ్చేవాళ్ల రోజు. భాస్కర్ తల్లి అండాలమ్మ వచ్చింది. అప్పటికి యాభై దాటిన మనిషి, వేళ్ల సందుల్లో అద్దకం రంగు. ఆమె పచ్చిపులుసు గిన్నెలో గరిటె తిప్పుతూ, నా వాదానికి సాక్ష్యం సంపాదిద్దామని అడిగాను.

"మీకు గుంటలెన్ని ఉన్నయమ్మా?"

"ఎన్నేంది అన్నా? ఒక్కటే."

"ఒక్కటైనా మంచిదే. ఏ దిక్కున్నది, చెరువు కిందనా, చెల్కలనా?"

"ఇంట్లనే."

"ఇంటి జాగా కాదమ్మా, దున్నేది."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నన్ను ఆ వార్డులో పేషంటేమో అనుకున్నదని నా అనుమానం.

"గుంటల దున్నుడేందన్నా? గుంటల కూసుండుడు గద. మగ్గం గుంట."

గరిటె నా చేతిలో ఆగిపోయింది. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి మొదటినుంచి చెప్పమన్నాను. వాళ్ల మగ్గం నేలకు సమానంగా ఉంటుంది. దాని ముందు నడుంలోతు గుంట తవ్వుతారు. నేసేవాడు గట్టు మీద కూర్చుని కాళ్లు ఆ గుంటలోకి దించి, కింద ఉన్న చెక్కలను కుడి, ఎడమ, కుడి, ఎడమ అని మార్చి మార్చి తొక్కుతాడు. భాస్కర్ వాళ్ల బాపు ఆ గుంటలో ముప్పై ఏళ్లు కూర్చున్నాడు. ఆయన పోయాక అది ఖాళీగా ఉంది. అండాలమ్మకు మోకాళ్లు వంగవు, దిగలేదు. పక్కిళ్లవాళ్లకు కండెలకు దారం చుట్టిచ్చి బతుకుతోంది.

పేషంటు రాసినది బయటివాళ్లకు చదివి వినిపించకూడదు. నేను శనివారం బల్ల మీంచి తీసి జేబులో పెట్టుకున్న అట్ట బయటికి తీసి, ఆ చివరి రెండు లైన్లు మాత్రం గొంతు తగ్గించి చదివాను.

ఆమె చెంగుతో గిన్నె అంచు తుడిచింది, అది శుభ్రంగానే ఉన్నా.

"గా మాట నాదన్నా," అన్నది. "పోయిన బతుకమ్మకు ఫోన్ల నేనే అన్న. బిడ్డా, గుంట నీ కోసం సూస్తాంది, ఎప్పుడొస్తవ్ అన్న. ఏం మాట్లాడకుండ పెట్టేసిండు. ఇనలేదనుకున్న."

నేను లోపలికి పోయి ఆరో నంబర్ మంచం పక్కన నిలబడ్డాను. భాస్కర్ కళ్లు మూసుకుని ఉన్నాడు, దుప్పటి కింద కాళ్లు ఆడుతున్నాయి. మూడు రోజుల నుంచి అది వణుకని రాస్తూ వచ్చాను. వణుకైతే రెండు కాళ్లూ ఒక్కసారే కొట్టుకుంటాయి. ఇవి కుడి, ఎడమ, కుడి, ఎడమ అంటున్నాయి. ప్లేటు మీద అతను కొట్టే దెబ్బ కూడా అదే లెక్క. హైదరాబాదు పబ్బులో తెచ్చుకున్న కోపానికి పోచంపల్లి మగ్గం తాళం వేస్తోంది.

సోమవారం రౌండ్స్. ఎవరెక్కడ నడవాలో దానికి ఒక వరస ఉంది. ముందు డాక్టరు, పక్కన కేసు షీట్లతో హెడ్ సిస్టరు, వెనక మందుల ట్రేతో నర్సు, అందరికంటే వెనక స్టూలు మోస్తూ నేను. అడిగితే తప్ప చివరివాడు నోరు తెరవకూడదు. ఆరో నంబర్ దగ్గర రాహేలమ్మ టైపు చేసిన ఉత్తరం అందించింది. డాక్టరు పెన్ను మూత తీశారు. నేను స్టూలు కింద పెట్టి, గుంట సంగతి తెలిసింది సార్ అన్నాను. నర్సు ట్రేలో సీసాలు గలగలమన్నాయి.

మొత్తం చెప్పాను. పంకా నాదే తప్పని, వణుకు కూడా తప్పు రాశానని చెప్పాను. డాక్టరు, రాత్రి వరండాలోనే ఉండిపోయిన అండాలమ్మను పిలిపించి, మగ్గం గుంట గురించి ఆమె నోట విన్నారు. తర్వాత భాస్కర్‌ను వరసగా అడగాల్సినవి అడిగారు. పద్నాలుగు రోజులూ ఉంటావా, చెడ్డ ఆలోచన వస్తే సిస్టరుకు చెబుతావా అని. అతను తల్లి వైపు చూడకుండా జవాబిచ్చాడు.

"నా కాళ్లతోని వచ్చిన సార్. నా కాళ్లతోనే పోత. చెడ్డ ఆలోచనొస్తె చెప్త."

డాక్టరు పెన్నుకు మూత పెట్టారు. ఉత్తరం చించలేదు, ఫైలులో అడుగున పెట్టారు. కాపలా ఇంకో రెండు రోజులు ఉండాలన్నారు. రాహేలమ్మకు అది నచ్చలేదు. పాటకు అర్థం దొరికినంత మాత్రాన రోగం పోదని నా మొహం మీదే అన్నది. అని, ఆ రెండు రోజులూ తన కుర్చీ ఆ మంచం పక్కనే వేసుకున్నది. బుధవారం పంకాలు మళ్లీ బిగించారు. పేషంట్లు చప్పట్లు కొట్టారు. అప్పటినుంచి రిటైరయ్యేదాకా ఆ దవాఖానలో నన్ను పంకా యాదయ్య అనే పిలిచారు.

భాస్కర్ పద్నాలుగు రోజులూ ఉండి వెళ్లాడు. ఏడెనిమిది నెలలు మగ్గం నేసి, ఒక పెళ్లి బరాత్‌లో మళ్లీ తాగుడులో పడ్డాడు. రాహేలమ్మ చెప్పింది నిజమే, పాటకు రోగం పోలేదు. అయితే ఈసారి కూడా సంచి తగిలించుకుని తనే వచ్చాడు. పట్నం పంపి ఉంటే ఆ రెండోసారి రావడం ఉండేది కాదని నా నమ్మకం.

ఆ సంగతి తర్వాత నేను డ్యూటీ బుక్కులో ప్రతి పేజీ మధ్య నిలువుగా గీత కొట్టడం మొదలుపెట్టాను. గీతకు ఎడమవైపు పేషంటు అన్న మాట, అన్నది అన్నట్టు. కుడివైపు నాకు అర్థమైంది. ఈ రెండూ ఒకే వైపు రాస్తే ఏమవుతుందో నేను చూశాను. అటెండరు పనిలో చేరే కొత్తవాళ్లకు నేను చెప్పగలిగింది ఆ గీత గురించే.

రెండోసారి వచ్చిననాడు భాస్కర్ సంచి తనిఖీ చేస్తూ, గొప్ప కోసం ఆ పాత కథంతా అతనికి చెప్పాను. నీ పాటకు అర్థం పట్టడానికి డాక్టరు, సిస్టరు, నేను ఎంత కష్టపడ్డామో తెలుసా, గుంట ఒక్కదానికే ముగ్గురం మూడు రోజులు కొట్లాడినం అన్నాను. అతను చొక్కా జేబులు తనే బయటికి లాగి చూపిస్తూ విన్నాడు.

"నేను గా ఆరో నంబర్ మంచం మీదనే ఉంటి గద కాకా," అన్నాడు. "ముగ్గురు మూడు గుంటలు తవ్విండ్రు. గుంటంటె ఏందిరా అని ఒక్కలన్న నన్నడిగిండ్రా?"